బండి ఎక్కి పక్కన కూర్చుందాం



ఈ వారం మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలని ఉంది. కొన్నేండ్ల కిందటి మాట. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో మేము సేవ చేసిన ఒక పల్లెలో వారానికోసారి ఇంటింటి ప్రార్థన కూడిక జరిగేది. వాక్యం చదవడం అందరికీ అలవాటు కావాలని మేమొక పద్ధతి పెట్టాం. వరుసగా కూర్చున్నవారు ఒక్కొక్కరు ఒక్కో వచనం చదవాలి. మంచి పద్ధతే అనుకున్నాం.

ఆ కూడికకు బీడీలు చుట్టి బతికే ఒక అవ్వ వచ్చేది. బైబిలును ఉతికిన గుడ్డలో చుట్టుకొని, అందరికంటే ముందే వచ్చి కూర్చునేది. ఆమె వంతు రాగానే "అవ్వా, నువ్వు చదువు" అన్నాం. "అద్దాలు తేలేదు అయ్యగారూ" అన్నది. మరుసటి వారమూ అదే మాట. మూడో వారం ఆమె రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

ఆమెకు చదువు రాదని మాకు తెలిసేసరికి నెల దాటింది. వాక్యం దగ్గరికి పిలుస్తున్నామనుకుంటూ, ఆ వాక్యంతోనే ఆమెకు తలుపు వేశాం.

ఇది ఒక్క అవ్వ సంగతి కాదు. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యులు కరీంనగర్ జిల్లాలో నూటికి 64 మంది, ఆదిలాబాద్‌లో 61 మంది. మన సంఘాల్లో బైబిలు పట్టుకొని కూర్చున్న ప్రతివారూ దాన్ని చదవగలరని అనుకోవడం మా తెలివితక్కువతనం. మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. డోర్నకల్‌లో 1912 నుండి బిషప్‌గా సేవ చేసిన అజరయ్య గారి కాలంలో, బాప్తిస్మము పొందే పల్లె విశ్వాసులు తమ తలమీద చెయ్యి పెట్టుకొని, సువార్త చెప్పకుండా ఉండబోమని మాట ఇచ్చేవారు. వారిలో ఎక్కువమందికి అక్షరాలు రావు. చెవితో విన్నారు, నోటితో నేర్చుకున్నారు, పక్కింటివారికి చెప్పారు.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం మళ్లీ తీసి చదివాం. ఐతియొపీయుడు చదువుకున్నవాడు, రాణి ఖజానా చూసే అధికారి. చేతిలో యెషయా గ్రంథం ఉంది, పైకి చదువుతున్నాడు కూడా. అయినా అర్థం కాలేదు. చదువు ఉన్నవాడికీ తోడు కావలసి వచ్చింది. ఫిలిప్పు దారిలో నిలబడి ప్రసంగం చేయలేదు. రథం దగ్గరికి పరుగెత్తాడు, ఆయన బతిమాలితే ఎక్కి పక్కన కూర్చున్నాడు, ఆయన చదువుతున్న చోటి నుండే మొదలుపెట్టాడు.

అవ్వ మళ్లీ మా దగ్గరికి రావాలని ఎదురుచూడడం మాని, మేమే ఆమె అరుగు మీదికి వెళ్లాం. ముందుగా క్షమాపణ అడిగాం. అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి బీడీలు చుడుతున్నారు. చేతులకు పని ఉంది గానీ చెవులు ఖాళీయే. "పని ఆపకుండ్రి, మేము చదువుతం" అన్నాం. పదో తరగతి చదివిన ఒక కోడలు తర్వాత ఆ చదివే పని తీసుకున్నది. ఆ అరుగు మీద మాకు ఒకటే నియమం. చదవమని ఎవరినీ అడగం. విన్నది ఎవరి మాటల్లో వారు చెప్పాలి, అర్థం కాని మాట ఏదో అడగాలి.

ఒకరోజు ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో "విమోచనము" అనే మాట దగ్గర ఆగారు. మేము గొంతు సవరించుకున్నాం. అవ్వ తల ఎత్తకుండానే అన్నది:

"కుదువ వెట్టిన పుస్తెలతాడు పైసలు కట్టి ఇడిపిచ్చుకునుడే గాదా అయ్యగారూ? మనది మనకు మల్ల వచ్చుడు."

ఎవరూ మాట్లాడలేదు. పుస్తెలతాడు కుదువ పెట్టని ఇల్లు ఆ వాడలో తక్కువ. కాసేపటికి పక్కనున్నామె అడిగింది: "మరి మిత్తి ఎవలు కట్టిన్రు?"

"అసలు, మిత్తి రెండూ ఆయననే కట్టిండు" అన్నది అవ్వ. ఆమె కళ్లలో నీళ్లు. మాకూ ఆగలేదు.

విమోచనం గురించి మేము ఎన్నో ఆదివారాలు ప్రసంగించాం. అది మాకు పుస్తకంలో మాటగానే తెలుసు. ఆమెకు వడ్డీకొట్టు ముందు నిలబడ్డ మనిషిగా తెలుసు. ఆమె విశ్వాసాన్ని పెంచుదామని వెళ్లిన మేము, ఆమె వల్ల పెరిగి వచ్చాం. అవ్వకు ఇప్పటికీ అక్షరాలు రావు. కానీ ఆ మాట ఆ వాడలో ఆమె ఎంతమందికి చెప్పిందో మాకు లెక్క తెలియదు. చదివే కోడలు కూడా గల్ఫ్‌లో ఉన్న తన భర్తకు అధ్యాయాన్ని ఫోనులో చదివి పంపడం మొదలుపెట్టింది.

ప్రియులారా, మీ ఊళ్లోనూ ఇలా మొదలుపెట్టండి. పెద్ద కూడిక అక్కర్లేదు, ఇద్దరు చాలు. మంచిగా చదవగలిగినవారు నెమ్మదిగా, రెండుసార్లు చదవండి. వెంటనే వివరించకండి, ముందు అవతలివారిని చెప్పనివ్వండి. బైబిలులోని పాత తెలుగు మాటకు ఇంట్లో మాట్లాడుకునే మాట వెతకండి. ఆదిలాబాద్ వైపు గోండు, కొలాం గూడేల్లో సేవ చేసేవారైతే వారి ఇంటి భాషలోనే చెప్పమని అడగండి. చివర, రేపు పొద్దున ఈ వాక్యం ప్రకారం ఏం చేద్దామో ఒక్కటి అనుకొని లేవండి. ముఖ్యంగా, మన కూడికకు రావడం మానేసినవారు ఎందుకు మానేశారో ఒకసారి వారి ఇంటికే వెళ్లి కనుక్కోండి.

ప్రభువా, మా చదువు ఎవరికీ అడ్డుగోడ కాకుండా కాపాడుము. పక్కన కూర్చునే ఓపిక మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.