పైన ఎంత?

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యని పెద్దలన్న మాటలో అడవికిని కొరివికిని నడుమ కొంత ఎడమున్నది. సంసారి యొకనాడు అమ్ముకొనును, మరియొకనాడు కొనుక్కొనును. అడవిలో తిరిగిన అలసట తీరిన పిమ్మటగాని కొరివి చేతబట్టవలసిన అగత్యము వానికి రాదు. ఆ ఎడమును గూడ తుడిచివేసి, అమ్మకమును కొనుగోలును ఒకే బల్లమీద, ఒకే పూటలో, ఒకే మనిషితో జరిపించి, అడవిని తెచ్చి కొరివికి అంటగట్టిన ఘనత కార్ల షోరూములలోని ఎక్స్ఛేంజి బేరమునకు దక్కినది. పాతకారు తెచ్చిన విక్రేతయు కొత్తకారు కోరిన క్రేతయు ఒకే శరీరమున ఒకే కుర్చీలో కూర్చుండి, వారిచ్చిన టీ త్రాగుచు, ఒక చెవితో ఎంతకు కొందురో యనియు, రెండవ చెవితో ఎంతకు అమ్ముదురో యనియు ఆలకించుచుండగా, ఎదుటి యువకుడు మాత్రము చిరునవ్వు చెదరనీయక క్యాలిక్యులేటరును తనవైపు త్రిప్పుకొని మీటలు నొక్కుచుండును.

మా కొండవీటి కొండ దిగువ పల్లెలలో కారు కొనుటకు ముహూర్తము పెట్టునది మిరపకాయ. గుంటూరు మిర్చియార్డులో ధర నిలిచిన ఏట చిలకలూరిపేట, నరసరావుపేట, గుంటూరు షోరూముల మెట్లు మావారి చెప్పుల చప్పుడు వినును; ధర జారిన ఏట మిరప టిక్కీలు కోల్డుస్టోరేజిలోను, పాతకారు వేపచెట్టు నీడలోను మరియొక సంవత్సరము నిరీక్షించును. ఇందొక విచిత్రమున్నది. యార్డులో తన సరుకుకు తాను ధర చెప్పు భాగ్యము రైతుకు లేదు. కొనువాడు కాయను విరిచి, రంగు చూచి, తేమ యెక్కువైనదనియో తాలుకాయ కలిసినదనియో సణిగి పలికిన అంకెకు తల యూపి చీటి పుచ్చుకొనవలసినదే. అచ్చట గొంతులో నిలిచిపోయిన మాటలన్నియు పేరుకొని పేరుకొని, కారు బేరమునాడు ఒక్కుమ్మడిగ వెలువడును. ధర కంపెనీవారు నిర్ణయించినదని షోరూమువా రెంత మొత్తుకొన్నను మావారు గీచి గీచి అడుగుటకు పిసినిగొట్టుతనమొక్కటే కారణమనరాదు. అయిదారేండ్లకొక్కసారియైన తన నోటితో ఒక ధర పలికి, ఎదుటివానిచేత ఔననిపించుకొనవలెనను మనిషి కోరిక అందు దాగియున్నది.

ఈ విద్యలో మాకు గురువులు పశువుల సంతలోని దళారులు. ఒంగోలు జాతి ఎడ్ల జతను అమ్మజూపినపుడు కొనువాడు నోరు తెరిపించి పళ్ళు లెక్కించి ప్రాయము గ్రహించును; సుడులు చూచును; నాలుగడుగులు నడిపించి కుంటు లేదని నిశ్చయించుకొనును. ధర మాత్రము పదుగురిలో నోటితో పలుకడు. తుండుగుడ్డ చాటున చేతిలో చేయివైచి, వ్రేళ్ళు పట్టి నొక్కి, వందలును వేలును తెలుపుకొందురు; చుట్టునున్నవారికి గుడ్డ కదలిక తప్ప మరేమియు తెలియదు. తగ్గినవాడు తగ్గినట్లును, పెంచినవాడు పెంచినట్లును మూడవ కంటికి కానరాకుండ ఇరువురి మర్యాదను కాపాడుటయే ఆ గుడ్డ చేయు ఉపకారము. నేడు తుండుగుడ్డకు మారుగా మేనేజరుగారి అద్దాలగది వెలసినది. “ఒక్క నిమిషం సార్, మా మేనేజర్ గారిని అడిగొస్తా” నని లేచిన యువకుడు అందులోనికి పోయి తిరిగి వచ్చునప్పటికి మన పట్టుదల సగము సడలియుండును. లోపల వారు మన కారును గూర్చి మాటలాడిరో, నిన్నటి క్రికెటును గూర్చి మాటలాడిరో అద్దములోనుండి పెదవుల కదలిక చూచి చెప్పుట ఎవరి తరము?

సంతలోని ముసలివారికి మరియొక నేర్పుండెడిది. పాతజత నిచ్చి కొత్తజతను తోలుకొని పోవునపుడు వారు తమ ఎడ్ల వెలను గాని, ఎదుటివాని ఎడ్ల వెలను గాని పట్టుకొని ప్రాకులాడెడివారు కారు. తలపాగ సవరించుకొని ఒక్క ప్రశ్న వేసెడివారు: “పైన ఎంత?” ఇచ్చునది యిచ్చి, పుచ్చుకొనునది పుచ్చుకొనగా, పైన చెల్లింపవలసిన రొక్కమే వారి దృష్టిలో ధర, తక్కినదంతయు కాలక్షేపము.

కార్లకు బేరమే లేని కాలమొకటి ఈ దేశమున గడచినది. అంబాసిడరునకో, ఫియట్‌గా పుట్టి ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకొన్న బండికో సొమ్ము కట్టి సంవత్సరముల తరబడి వేచియున్న ఆ దినములలో ధర ప్రభుత్వపు అదుపున నుండెను. వంతు వచ్చినవాడు రంగు నచ్చలేదనుటకు గూడ జంకెడివాడు. వంతు రానివాడు ఆత్రమాపుకొనలేక నడిచిన బండినే ఎక్కువ సొమ్మిచ్చి కొనుటయు గలదు కనుక, పాతవస్తువు కొత్తదానిని మించి పలుకు వింత నాటి బజారునకు చెల్లినది. 1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరాగాంధి తొలి మారుతి 800 తాళపుచెవిని అందజేసిన నాటినుండి ఆ స్థితి మారజొచ్చినది. 1993లో కార్ల తయారీకి లైసెన్సు నిబంధన తొలగిన పిమ్మట తలక్రిందులైనది. నాడు డీలరు చుట్టు ప్రదక్షిణము చేసినవాని మనుమనికి నేడు డీలరే ఫోనుమీద ఫోను చేయుచున్నాడు.

అయినను నేటి ధరకాగితమును చూచి పొంగిపోరాదు. అందులో కదలనివి కొన్ని, కదలునవి కొన్ని గలవు. రెంటిని కలిపి అడుగున ఒకే మొత్తముగ వ్రాయుటలోనే వర్తకుని నేర్పంతయు నున్నది. పన్ను కదలదు. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్నకార్లపై జి.ఎస్.టి. 28 శాతమునుండి 18 శాతమునకు దిగి, సెస్సు తొలగినది. పెద్దకార్లపై 40 శాతముగ నిలిచినది. రాష్ట్రమునకు చెల్లు లైఫ్ ట్యాక్సును గాని, పది లక్షలు మించిన బండిపై పట్టుకొను ఒక శాతము టి.సి.ఎస్.ను గాని తగ్గింపుమని షోరూమువానిని బతిమాలుట వృథా. ఈ రెండవది ఆదాయపు పన్ను లెక్కలో మరల మన ఖాతాకే జమపడును. కదలునవి వేరు: డీలరు తన లాభములోనుండి తగ్గించు సొమ్ము, ఇన్సూరెన్సు, అదనపు వారంటీ, అప్పిప్పించినందుకు బ్యాంకు డీలరునకిచ్చు కమీషను, హ్యాండ్లింగ్ ఛార్జీలను పేరుతో కాగితము మూలను నక్కియుండు నాలుగైదు వేలు. ఇన్సూరెన్సు వారివద్దనే తీసికొనవలెనను నియమము లేదు. బయట అడిగి వచ్చెదనని లేచినంతనే ఆ అంకె దానంతటదియే చిక్కిపోవుట నిత్యము కనబడు వింత. కాలమును గూడ కనిపెట్టియుండవలెను. నెలాఖరున అమ్మకాల టార్గెటు పూర్తికానివానికిని, డిసెంబరులో ఆ ఏటి మోడలు మిగిలిపోయినవానికిని, శుభకార్యము లేని ఆషాఢములో ఖాళీ కుర్చీల నడుమ కూర్చున్నవానికిని ఉన్నంత ఔదార్యము, దసరాకు ముందు దండలు కట్టించుకొని నిలిచిన బండ్ల వరుస చూచి మురియువానికి ఉండదు.

ఇక కొసరు సంగతి. కూరగాయల బుట్ట దగ్గర నాలుగు పచ్చిమిరపకాయలో, గుప్పెడు కరివేపాకో అదనముగ పడనిదే కదలని జాతి మనది. లక్షల బేరము ముగిసిన పిమ్మట గూడ సీటు కవర్లు, మ్యాట్లు, మడ్‌ఫ్లాపులు వేయింపుమని పట్టుబట్టుదుము. అసలులో పదివేలు విడిచిన సంగతి మరచి, కొసరులో రెండువేలు రాబట్టితిమని ఇంటిల్లిపాదికి చెప్పుకొని సంతసింతుము. ఈ బలహీనత నెరిగిన వర్తకుడు మొదటనే కొసరును దాచియుంచి, మనము అలసిన వేళకు దానిని ఔదార్యముగ బయటికి తీయును.

పాతకారును పరీక్షించు ఘట్టము మరింత రసవంతము. ఒక పరీక్షకుడు వచ్చి బానెట్టెత్తి, డోర్ల అంచుల రబ్బరు లాగి చూచి, రేకుపై వ్రేలితో తట్టి, టైర్ల అరుగుదల గమనించి, ఫోనులో ఏదియో వ్రాసికొనుచు మాటలేక తిరుగును. ఆ మౌనమునకే యజమాని గుండెలో కొంత ధర తగ్గును.

“ఒకే చేతిమీద నడిచిన బండి బాబూ! గుంటూరు, తిరుపతి తప్ప ఎక్కడికీ పోలేదు.”

“కాదనను బాబాయ్, బాగానే చూసుకున్నారు. ఎడమ డోరుమీద రంగు పడింది కదా! ఈ మోడలు బయట కదలడం లేదు.”

“రంగు పడితే ఇంజను చెడిపోద్దా?”

“నేను అనటంలేదు బాబాయ్, రేపు కొనేవాడు అంటాడు.”

ఈ ‘రేపు కొనేవాడు’ అను పరోక్షపురుషుడు ఎన్నడును కంటబడడు గాని, సకలదోషములును అతని నోటినుండియే వెలువడును. అయినను పరీక్షకుని అనుమానమును తప్పు పట్టరాదు. మీటరు వెనుకకు త్రిప్పినవారును, దెబ్బతిన్న బండికి టింకరింగు చేయించి అద్దమువలె మెరిపించినవారును లోకమున లేకపోలేదు. జార్జి ఆకర్లాఫ్ అను అమెరికా ఆర్థికశాస్త్రవేత్త 1970లో పాతకార్ల బజారునే ఉదాహరణగా గైకొని వ్రాసిన వ్యాసము 2001లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగము తెచ్చిపెట్టినది. బండి మంచిచెడ్డలు అమ్మువానికి తెలిసినంత కొనువానికి తెలియవు కనుక, కొనువాడు భయపడి మధ్యస్థమైన ధరయే చెప్పును. ఆ ధరకు మంచిబండివాడు ఒప్పుకొనక తప్పుకొనును. తుదకు బజారున చెడ్డబండ్లే మిగులునని ఆయన తేల్చినాడు. ఆ వ్యాసమును చదువకయే మా పల్లెలవారు సారమును గ్రహించినారు: నిజముగ మంచిదైన బండి ఊరి పొలిమేర దాటదు, వియ్యంకుడో, పక్కపొలమువాడో అది నడిచిన తీరు కన్నులార చూచినవాడై, షోరూముకు పోకముందే బయానా చేతిలో పెట్టును.

అయితే కొత్తకారు విషయమున తెలివి తారుమారగును. అచ్చట ఎరిగినవాడు డీలరు, ఎరుగనివాడు మనము. ఇయాన్ ఎయర్స్ అను న్యాయశాస్త్రాచార్యుడు షికాగో ప్రాంతపు డీలర్లయొద్దకు నేర్పిన మాటలే పలుకు మనుషులను పంపించి 1991లో ప్రకటించిన పరిశోధనలో, శ్వేతజాతి పురుషునికి చెప్పిన ధరకంటె స్త్రీలకును, నల్లజాతివారికిని హెచ్చుధర చెప్పినట్లు తేలినది. కారొక్కటే, మాటలొక్కటే, మారినది ముఖము మాత్రమే. మన వైపున పంచెకట్టును, యాసను, చేతి ఉంగరములను చూచి అంకె మార్చు కన్నులు లేవని ఎవరనగలరు? బేరమున మొదట తూగునది వస్తువు కాదు, మనిషి.

ఈ రెండు అజ్ఞానములును ఒకచోట కలిసిన ఎక్స్ఛేంజిలో ఏమి జరుగునో చిన్న లెక్క వేసి చూతము. కొత్తకారు పది లక్షలనియు, పాతకారు బయట మూడు లక్షలు పలుకుననియు అనుకొందము. ఒక షోరూమువాడు పాతదానికి 3,40,000 కట్టి, కొత్తదానిపై పైసా తగ్గనన్నాడు. రెండవవాడు పాతదానికి 3,00,000 మాత్రమే కట్టి, కొత్తదానిపై 50,000 తగ్గించెదనన్నాడు. మొదటిచోట పైన చెల్లింపవలసినది 6,60,000, రెండవచోట 6,50,000. ఐనను మావారిలో ఎక్కువమంది కాళ్ళు మొదటి గుమ్మమువైపే నడచును. ఏలయన అచ్చట తమ బండికి గౌరవము జరిగినది! పలనాటి పౌరుషమునకు పదివేల రూపాయలు లెక్కలోనిది కాదు. ఆ పౌరుషమును కాగితముపై నలుబది వేలుగ వ్రాసి చూపి, వేరొకచోట ఏబది వేలు నిలుపుకొనుట వర్తకునికి కష్టమైన పనియు కాదు.

ఆ మురిపెములో మరచు సంగతులు మరి రెండు గలవు. ఏండ్లుగ క్లెయిము లేక కూడిన నో క్లెయిమ్ బోనస్ 50 శాతము వరకు పెరుగును. అది బండితో పోవునది కాదు, యజమానిది. ధ్రువపత్రము తీసికొని కొత్తకారు ఇన్సూరెన్సుకు మార్చుకొనవచ్చును. రెండవది, బండి చేయి మారినట్లు ఆర్.టి.ఓ. కార్యాలయమునకు తెలియజేయుట. 2023 ఏప్రిల్ 1 నుండి పాతబండ్ల వ్యాపారికి అధికారపత్రము ఉండవలెననియు, బండి అప్పగించిన సంగతి రవాణాశాఖకు తెలుపవలెననియు నియమమేర్పడినది. ఆ పని జరిగినదో లేదో చూచుకొననివానికి ఎన్నడును చూడని ఊరిలో తాను చేయని నేరమునకు చలానా వచ్చుట కద్దు.

కదలనిదానిని కదలుదానినుండి విడదీయుట మా సీమకు కొత్త కాదు. ఈ కొండవీటినే రాజధానిగ చేసికొని యేలిన అనవోతారెడ్డి 1358లో మోటుపల్లి రేవున శాసనము వేయించి, ఓడవర్తకులకు సుంకములు తగ్గించి, సరుకును తమ యిచ్చవచ్చినవారికి అమ్ముకొను స్వేచ్ఛ నొసగెను. అంతకు నూరేండ్లకు పైబడి, 1244లో, కాకతి గణపతిదేవుడు అచ్చటనే వర్తకులకు అభయమిచ్చి సుంకముల పట్టిక చెక్కించియుండెను. కౌటిల్యుడు ఇంకొక అడుగు ముందుకు వేసి, స్వదేశపు సరుకుపై నూటికి అయిదును, పరదేశపు సరుకుపై పదియును లాభముగ నిర్ణయించినాడు. రెడ్డిరాజులు అంతదూరము పోక, రాజునకు చెందవలసినది రాతిపై పదిమంది చదువునట్లు వ్రాయించి, తక్కినది క్రేతకును విక్రేతకును విడిచినారు. కర్పూరకస్తూరికాదులను తెప్పించి ఆ రెడ్డిరాజులలో ఒకడైన కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సమకూర్చిన అవచి తిప్పయసెట్టి శ్రీనాథుని హరవిలాసమునకు కృతిపతియగునంతటి వర్తకుడైనాడన్న, నాటి బేరములు ఇరుపక్షములకును చెడ్డవి కావనియే తోచుచున్నది. నిశ్చయమైనది కంటికెదుట నుండవలెను, అనిశ్చయమైనది నోటికి వదలవలెను; ఈ రెంటిని విడదీసిన ధరకాగితము చేతికి వచ్చిననాడు బేరమాడుట ఎవరికిని అవమానముగ నుండదు. అంతవరకు విడదీయు శ్రమ మనదే. పాతకారునకు బయట ఇద్దరు ముగ్గురిచేత ధర కట్టించుకొని, కొత్తకారు ధరను పాతదాని ఊసెత్తక ముందే తేల్చుకొని, అటుపిమ్మట తాతలనాటి ప్రశ్న వేసిన చాలును.

ఆ ప్రశ్నకు తగిన అంకె వచ్చినపుడు లేచి చేయి కలుపుట గూడ బేరములో భాగమే. ఎదుటి యువకునకును నెలకొక టార్గెటున్నది. అతని చొక్కా వరకు ఒలిచి తెచ్చుకొన్న కారునకు సైతము సర్వీసింగు ఆ గుమ్మముననే చేయింపవలెను. ఓడి మిగిలినవాడు, ఉచిత సర్వీసులు ముగియకముందే, ఇంజనాయిలు మొదలు బ్రేకుప్యాడ్ల వరకు ఒక్కొక్క పేరు చెప్పి, తన పైన ఎంతయో తాను రాబట్టుకొనకపోడు.