రెండు పేర్లు, ఒక మనిషి

నక్షాలో ఒక కొలత, స్థలంలో మరొక కొలత కనిపిస్తే పని ఆపించడం ఇంజినీరుగా నాకు అలవాటు. అటువంటి నా ఇంటిలోనే పాతికేళ్ళకు పైగా ఒక తేడా దాగి ఉన్నదని, పదవీ విరమణ దగ్గర పడిన తరువాత గాని నాకు తెలియలేదు.

సర్వీసు పుస్తకం సరిచూసుకొనే సందర్భంలో భవిష్య నిధి నామినేషను పత్రం బయటకు వచ్చింది. అందులో నా శ్రీమతి పేరు 'లక్ష్మి' అని నా చేతివ్రాతలోనే ఉన్నది. ఆమె పదవ తరగతి ధ్రువపత్రంలోనూ, ఆధార్ కార్డులోనూ ఉన్న పేరు 'పెంటమ్మ'. పత్రాలు చూస్తున్న గుమాస్తా వినయంగానే అడిగాడు: "సార్, ఈ ఇద్దరూ ఒకరేనని మాకు ఎలా తెలుస్తుంది?" నేను ఎదురుగా ఉన్నాను గనుక సమాధానం చెప్పగలిగాను. నేను లేనినాడు ఆ ప్రశ్న ఆమెను అడిగితే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పెళ్ళయిన కొత్తలో మా అమ్మ కోడలిని లక్ష్మి అని పిలిచింది. అదే పేరు నేను ఆఫీసులో వ్రాసి ఇచ్చాను. ఆమెను ఒక్క మాట అడగాలని అప్పుడు తోచలేదు. ఇప్పుడు కూడా అడగకుండానే, చట్టప్రకారం లక్ష్మిగా మార్పించే మార్గమేమిటని న్యాయవాది అయిన ఒక మిత్రుని వద్దకు వెళ్ళాను.

ఆయన చెప్పినది మన ఉద్యోగులందరికీ పనికివచ్చే విషయం. పేరు మార్చుకొనదలచినవారు ముందుగా ప్రమాణపత్రం వ్రాసి, వార్తాపత్రికలలో ప్రకటన వేయించి, ఆపైన గెజిట్‌కు దరఖాస్తు చేయాలి. భారత ప్రభుత్వ గెజిట్ ప్రచురణను ఢిల్లీ సివిల్ లైన్స్‌లోని ప్రచురణల శాఖ చూస్తుంది. పేర్ల మార్పులు నాలుగవ భాగంలో వెలువడతాయి. రాష్ట్ర ప్రభుత్వాలకూ వేరుగా గెజిట్లు ఉన్నవి. అనేకులకు ఇంతటితో పని పూర్తవుతుంది. రికార్డు ఉన్న సంస్థ అంగీకరించకపోతే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 34వ సెక్షను క్రింద సివిల్ కోర్టులో డిక్లరేషను కోరుతూ దావా వేయవచ్చు.

"అయితే ముందు ఒక సంగతి తేల్చుకో. నీకు కావలసినది దిద్దుబాటా, మార్పా?" అన్నాడాయన. సి.బి.ఎస్.ఇ. ధ్రువపత్రాల వివాదంలో 2021 జూన్ 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ రెండింటినీ వేరుచేసింది. పేరు మనిషి భావప్రకటనా స్వేచ్ఛలో భాగమని గుర్తించింది. ఇతర ప్రభుత్వ పత్రాలకు అనుగుణంగా తప్పు దిద్దడం ఒక ఎత్తు. సరికొత్త పేరు పెట్టుకోవడం మరొక ఎత్తు. రెండవదానికి కోర్టు డిక్లరేషను, గెజిట్ ప్రకటన వంటివి బోర్డు అడగవచ్చు.

ఇంటికి వచ్చి ఆ ప్రశ్నే శ్రీమతిని అడిగాను. ఆమె చేతిలోని పని పక్కన పెట్టింది.

"నాకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారండీ. నన్నైనా దక్కించుకోవాలని, చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద ఉంచి, పొరుగింటావిడ చేత తీయించి ఈ పేరు పెట్టింది మా అమ్మ. బళ్ళో నవ్వారు, ఏడ్చాను కూడా. అయినా ఆ పేరుతోనే బతికాను. తప్పు మీ కాగితంలో ఉంటే మీ కాగితం దిద్దుకోండి. నా పేరెందుకు దిద్దడం?"

నా దగ్గర జవాబు లేదు.

ఆమె నిర్ణయంతో పని సులువయింది. కోర్టు అవసరం కలగలేదు. రెండు పేర్లూ ఒకే వ్యక్తివని ప్రమాణపత్రం, ఆమె ధ్రువపత్రం నకలు జతచేసి, కొత్త నామినేషను దాఖలు చేశాను. అందులో 'పెంటమ్మ' అని మొదటిసారిగా నా చేత్తో వ్రాశాను.

తమ పేరు తమకు బరువైనవారు నిస్సంకోచంగా మార్చుకోవచ్చు. చట్టం ఆ దారి చూపుతున్నది. అయితే ఆ నిర్ణయం ఆ పేరుగల మనిషిదే కావాలి. సోదర ఉద్యోగులకు నా మనవి ఒక్కటే. మీ నామినేషను పత్రం నకలు తెచ్చుకొని, ఇంట్లో వారి ఎదుట ఒకసారి చదవండి. వారి ధ్రువపత్రంతో పోల్చి చూడండి. తేడా ఉంటే మీరు సర్వీసులో ఉండగానే సరిచేయించండి.