వాల్వు లేని బండి

సంక్రాంతికి వారం ముందు. మిర్యాలగూడ మిల్లు నుంచి బియ్యం వేసుకొచ్చిన పాత పికప్ ఒకటి తెల్లారకముందే సూర్యాపేటలో నా షెడ్డు ముందు ఆగింది. డ్రైవర్ దిగీదిగకముందే మొదలుపెట్టాడు.

"అన్నా, అద్దం లోపట మొత్తం మసకైతుంది. హీటరేస్తే సల్లగాలే వస్తుంది. తువ్వాలతోని తుడుసుకుంట వచ్చిన."

మే నెలలో 45 డిగ్రీలు చూసే ఊళ్లో హీటర్ బాగుచేయమని వచ్చేవాళ్లు అరుదు. కానీ చలికాలం పొగమంచులో, ఏసీ లేని బండికి అద్దం మీది ఆవిరిని ఆరబెట్టేది ఆ వేడిగాలే.

బ్లోయర్ గట్టిగానే కొడుతోంది. అంటే గాలికి కాదు, వేడికే కొరత. హీటర్‌కు వేరే పొయ్యి ఏమీ ఉండదు. ఇంజిన్ నుంచి వచ్చే వేడినీళ్లే డాష్‌బోర్డు వెనక చిన్న రేడియేటర్‌లో తిరుగుతాయి. అంత దూరం నడిచొచ్చినా టెంపరేచర్ మీటరు ముల్లు సగానికి రాలేదు. నాకు అనుమానం అక్కడే వచ్చింది.

బియ్యం వేరే బండిలో పంపించి, ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీశాను. కూలెంట్ రంగే లేదు, అంతా తుప్పునీళ్లు. మళ్లీ స్టార్ట్ చేసి రేడియేటర్ మీది పైపు పట్టుకొని నిలబడ్డాను. థర్మోస్టాట్ వాల్వు ఉంటే ఇంజిన్ వేడెక్కేదాకా ఆ పైపు చల్లగా ఉండి, తర్వాత చేయి పెట్టనీయదు. ఇది మొదటి నిమిషం నుంచే గోరువెచ్చనవుతోంది. దాని హౌసింగ్ విప్పితే లోపల ఖాళీ. వాల్వే లేదు!

"పోయిన ఎండాకాలం కోదాడ కాడ బండి వేడైతే, రోడ్డు పక్కన ఒకాయన తీసేసిండన్నా."

ఆయన్ని ఏమంటాను? కొత్తలో నేనూ ఎన్నో తీసి పారేశాను. సుమారు 80 డిగ్రీల దాకా మూసుకొని ఉండాల్సిన తలుపు అది. అది లేకపోతే నీళ్లు ఆగకుండా రేడియేటర్‌లో తిరిగి, ఇంజిన్ తగినంత వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది.

రెండో జబ్బు కూడా ఉంది. హీటర్‌కు పోయే పైపు వెచ్చగా ఉంటే, తిరిగొచ్చేది చల్లగా ఉంది. మా నల్లగొండ వైపు బోరునీళ్ల సంగతి తెలిసిందేగా, బిందెలో కూడా తెల్లగా గార కడతాయి. ఆ నీళ్లే పోస్తూపోతే హీటర్ రేడియేటర్‌లోని సన్నటి గొట్టాలు పూడిపోవా? ఒకప్పుడు ఇలాంటిదాన్నే కంప్రెసర్ గాలితో కొట్టి పగలగొట్టాను. కేబిన్ అంతా నీళ్లు, ఖర్చు నా జేబులోంచి. అప్పటి నుంచి నల్లా పైపుతో, నీళ్లు తిరిగొచ్చే వైపు నుంచి, నిదానంగా కడుగుతాను. మొదట ఎర్రనీళ్లు, తర్వాత సున్నం పెచ్చులు, గంటకు గానీ తేటనీళ్లు రాలేదు.

కొత్త వాల్వు బిగించి, డిస్టిల్డ్ వాటర్‌లో సగానికి సగం కూలెంట్ కలిపి పోశాను. ముందు చక్రాలు ఎత్తు మీదికి ఎక్కించి, హీటర్ ఫుల్లులో పెట్టి, మూత తీసే ఉంచి నడిపితే లోపలి గాలి బుడగలుగా బయటికొచ్చింది. కాసేపటికి హీటర్ పైపులు రెండూ వేడెక్కాయి.

ఈసారి ఎండల్లో బండి వేడెక్కితే నీళ్లు, ఫ్యాను, పంపు, రేడియేటర్ చూపించుకోండి. వాల్వు మాత్రం ఎవర్నీ తీయనీయకండి, నేను తీస్తానన్నా సరే.