నాలా ఒడ్డున తోకచుక్కలు

లూథియానాలో తాజ్‌పూర్ రోడ్డు దాటితే ముందు వాసన ఎదురొస్తుంది, తర్వాత నీళ్లు. నల్లగా, నురగలు కక్కుతూ. పేరు బుడ్డా నాలా. పెద్దవాళ్లు మాత్రం ఇప్పటికీ ‘దరియా’ అనే అంటారు, అంటే నది.

కూమ్ కలాన్ వైపు నుంచి వచ్చేటప్పుడు ఇది మామూలు వాగే. నగరంలో సుమారు 14 కి.మీ. సాగేసరికి అద్దకం యూనిట్ల రంగునీళ్లు, ఎలక్ట్రోప్లేటింగ్ లోహాలు, డెయిరీల పేడ, ఇళ్ల మురుగు అన్నీ కలుస్తాయి. వలీపూర్ కలాన్ వద్ద ఆ మొత్తం సట్లెజ్‌లో పడుతుంది.

వాసన సంగతి ఎత్తితే టీకొట్టు పెద్దాయన నవ్వేశారు. ‘‘మాకు తెలియదు బాబూ, మీకే తెలుస్తుంది.’’ టీ ఏ నీళ్లతో కాచారో అడగాలనిపించింది. అడగలేదు, తాగేశాను.

ముక్కుకు తెలియనిదే అసలు భయం. 2008లో చండీగఢ్ పీజీఐ, పంజాబ్ కాలుష్య నియంత్రణ మండలి అధ్యయనంలో నాలా వెంట పల్లెల భూగర్భ జలంలో, కుళాయి నీళ్లలో పాదరసం, హెప్టాక్లోర్ పరిమితికి మించి బయటపడ్డాయి. మురుగు కాల్వల పక్క జనం రక్తంలో డీఎన్ఏ దెబ్బతిన్న జాడలూ కనిపించాయి.

అలాంటి జాడను పట్టే ఒక పద్ధతికి కామెట్ పరీక్ష అని పేరు. కణాన్ని జెల్‌లో ఉంచి కరెంటు పెడితే, తెగిన డీఎన్ఏ ముక్కలు తోకచుక్క తోకలా బయటికి సాగుతాయి. తోక పెద్దదైతే నష్టం ఎక్కువ. తోక కనిపించిన ప్రతివారికీ క్యాన్సర్ వస్తుందని కాదు. కొంత నష్టాన్ని కణమే సరిచేసుకుంటుంది. రోజూ అవే నీళ్లు తాగే ఒంటికి ఆ తీరిక ఎక్కడిది?

సట్లెజ్ అక్కడితో ఆగదు. హరికే దగ్గర బియాస్‌తో కలిసి, కాల్వెక్కి రాజస్థాన్ వెళుతుంది. అక్కడ దాన్ని తాగుతారు.