వెళ్ళే ముందు అప్పగింత

వైద్యవృత్తి నుంచి విరమించి కొండాపూర్‌లో స్థిరపడిన నాకు ఉదయపు నడకలో కలిసేవారిలో అధికులు హైటెక్ సిటీలో కొలువు చేసే యువతీయువకులే. రక్తపోటు గురించో, నిద్రలేమి గురించో ఆపి అడుగుతుంటారు. ఆ మధ్య మా సముదాయంలోని ఒక యువకుడు అడిగినది మాత్రం మందు కాదు.

"డాక్టరు గారూ, ఈ రాత్రి రాజీనామా మెయిలు పంపి, రేపటి నుంచి ఆఫీసుకు వెళ్ళడం మానేస్తాను. తొంభై రోజుల నోటీసు నావల్ల కాదు" అన్నాడు. రెండు నెలలుగా సరైన నిద్ర లేదట. ఆదివారం సాయంత్రం కాగానే గుండెదడ మొదలవుతుందట.

నాకు వెంటనే నా పాత తప్పు ఒకటి గుర్తుకు వచ్చింది. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో పనిచేసేవాణ్ణి. యాజమాన్యంతో మాటా మాటా పెరిగి, ఒక సాయంత్రం స్టెతస్కోపు సంచిలో వేసుకుని వచ్చేశాను. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. కొన్ని వారాల తరువాత, నా వద్ద మధుమేహపు పుండుకు కట్టు కట్టించుకునే పెద్దావిడ ఎదురైంది. "నాలుగు రోజులు వచ్చి నీకోసం కూర్చున్నాను నాయనా. కొత్త డాక్టరుకు నా సంగతి తెలియదు. ఇక మానేశాను" అంది. అప్పటికే ఆమె కాలి వేలొకటి తీసివేశారు. నేనుంటే ఆ వేలు నిలిచేదని చెప్పలేను. కాని ఆమె గురించి నాలుగు వాక్యాలు రాసిపెట్టి రావడానికి పది నిమిషాలు చాలేవి. నా కోపం యాజమాన్యం మీద. దాని ఫలితం అనుభవించినది ఆమె.

ఆసుపత్రిలో రోగులను తరువాతి వైద్యుడికి అప్పగించనిదే ఎవరూ ఇల్లు చేరరు. నోటీసు కాలమూ అటువంటి అప్పగింతే. మనం చెప్పకుండా వెళితే ఆ భారం మోసేది పక్క కుర్చీలోని సహోద్యోగి. అతనికీ నిద్ర కావాలి.

అలాగని ఒళ్ళు గుల్ల చేసుకోమని నేను చెప్పను. ఉద్యోగపు ఒత్తిడి వల్ల కలిగే నిస్సత్తువను ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధిగా కాకపోయినా వృత్తి సంబంధమైన స్థితిగా గుర్తించింది. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం ప్రకారం, ఉద్యోగిచేత బలవంతంగా పని చేయించమని మన న్యాయస్థానాలు ఆదేశించవు. ఒప్పందం ప్రకారం చెల్లించవలసిన సొమ్ము మాట వేరు.

ముందుగా అతనికి ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు చేయించమన్నాను. రెండూ సవ్యంగానే ఉన్నాయి. ఒక మానసిక వైద్యుని వద్దకు పంపాను. తరువాత ఒక ప్రశ్న వేశాను: "అమ్మగారి మోకాలి ఆపరేషన్ ఏ బీమా మీద?" అతని ముఖం పాలిపోయింది. కంపెనీ బీమా సాధారణంగా చివరి పనిదినంతోనే ముగుస్తుంది. కొత్తగా పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ళ వరకు వేచి ఉండవలసి రావచ్చు. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారితే గడచిన కాలాన్ని లెక్కలోకి తీసుకుంటారు. కాని ఆ పని కొలువులో ఉండగానే మొదలుపెట్టాలి.

అతను మర్నాడు తేదీతో సహా రాజీనామా ఇచ్చాడు. వైద్యుని పత్రంతో రెండు వారాలు సెలవు తీసుకున్నాడు. నోటీసు తగ్గించమని అడిగితే అరవై రోజులకు ఒప్పుకున్నారు. ఈలోగా తల్లికి శస్త్రచికిత్స జరిగింది. మొన్న కనిపించి, "చివరి రోజు ఏదో తెలిశాక ఆదివారాల దడ తగ్గిందండీ" అన్నాడు.

మీలో ఎవరైనా ఆ స్థితిలో ఉంటే, ఉత్తరం రాసే ముందు ఒక రాత్రి నిద్రపోవడానికి ప్రయత్నించండి. మనసు మరీ కుంగితే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. వెళ్ళవలసి వస్తే తప్పక వెళ్ళండి. అప్పగించి వెళ్ళండి. ఆ పెద్దావిడకు నేను బాకీపడిన పది నిమిషాలు ఇప్పటికీ నావద్దే మిగిలిపోయాయి.