వెనిస్‌కి ఒక్క రోజే అయితే

మ్యూనిక్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు వెనిస్ ప్లాన్ పంపింది. పొద్దున్న రియాల్టో, మధ్యాహ్నం మురానో, బురానో దీవులు, సాయంత్రం సెయింట్ మార్క్స్, మధ్యలో గొండోలా. అన్నీ ఒక్క రోజులోనే! ఊరు చూడ్డమా, హాజరు వేయించుకోవడమా?

దీవులు కొట్టెయ్యమ్మా అన్నాను. శాంటా లూచియా స్టేషన్ మెట్లు దిగితే ఎదురుగానే గ్రాండ్ కెనాల్. అక్కడ ఒకటో నంబరు వాపొరెట్టో ఎక్కు. బస్సుల బదులు ఆ ఊళ్లో తిరిగే పడవ అది. ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఆగుతూ, 1591లో కట్టడం పూర్తయిన రియాల్టో వంతెన కింద నుంచి, తాపీగా సెయింట్ మార్క్స్ దాకా తీసుకెళ్తుంది. పాత వర్తకుల మేడలన్నీ కాలువ వైపుకే ముఖం పెట్టి ఉంటాయి. సందుల్లో నడిస్తే కనపడేవి చాలావరకు వెనక గోడలే. గొండోలాకి పగటిపూట అరగంటకే 90 యూరోలు, నన్నడిగితే దండగ. ఆ డబ్బుతో ఒకప్పటి వెనిస్ పాలకులైన డోజుల ప్యాలెస్ లోపల చూడొచ్చు, కడుపునిండా తినొచ్చు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. 2024 నుంచి వసంతం, వేసవిలో కొన్ని తేదీల్లో, రాత్రి బస చేయకుండా వచ్చిపోయేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. రైలు టికెట్ కొనేముందే ఆ తేదీలు చూసుకోండి.