అద్దెకిచ్చే ఇల్లు కొంటున్నారా?

చేతిలో నాలుగు డబ్బులు నిలిస్తే మన ఆడవాళ్లకు మొదట గుర్తొచ్చేది బంగారం, ఆ తర్వాత స్థలం. ఇప్పుడు మూడోది కూడా చేరింది. "ఒక ఇల్లు కొని అద్దెకిచ్చుకుంటే నెలనెలా డబ్బులొస్తాయి కదా!" అని మీరూ ఎప్పుడో అనుకునే ఉంటారు. ఆలోచన మంచిదే. కాకపోతే పిండి కొలవకుండా నీళ్లు పోసేస్తే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు.

మాది నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ప్రాంతం. నా పుట్టిల్లు ఉదయగిరి, మెట్టినిల్లు ఆత్మకూరు. పొదుపు గురించి మా వైపు ఆడవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడటం, ఆ ఊపుకు 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం రావటం మీకు తెలిసిందే. ఆ వెనకే రోజుకో రూపాయి దాచుకునే 'పొదుపు లక్ష్మి' కూడా ఈ జిల్లాలోనే మొదలైంది. ఉదయగిరిలో చెక్కతో గరిటెలు, స్పూన్లు చేసి ఇల్లు నడుపుకునే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కూడబెట్టటం మనకు వచ్చు. కూడబెట్టినదానికి అప్పు కలిపి ఇంటి మీద పెట్టేటప్పుడే లెక్క కావాలి.

2017లో ఆత్మకూరులో మా వీధికి దగ్గర్లోనే రెండు వాటాల ఇల్లు అమ్మకానికి వచ్చింది. మావారు సంబరపడి, "మళ్లీ ఇలాంటి బేరం రాదే, మీ అమ్మ ఇచ్చిన స్థలం అమ్మేద్దాం, మిగతాది అప్పు తెద్దాం" అన్నారు. ఆ స్థలం మా అమ్మ పసుపు కుంకుమ కింద నాకు రాసిచ్చింది. దాన్ని కదిలించాలంటే నాకు గుండె దడ. "ఏమండీ, ఇల్లు ధర సరే, అద్దె ఎంతొస్తుందో కనుక్కున్నారా?" అన్నాను. మధ్యవర్తి చెప్పిన అద్దె ఒకటి. ఆ వీధిలో అద్దెకున్న ముగ్గురు ఇల్లాళ్లను పలకరిస్తే తెలిసిన అద్దె వేరొకటి! మీరూ అంతే చేయండి. అద్దె ఎంతో, ఇల్లు ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుందో, నీళ్లు సరిగా వస్తాయో లేదో అద్దెకున్నవాళ్లకే బాగా తెలుసు.

ఇక లెక్క. సులువుగా ఉండటానికి గుండు అంకెలు చెబుతాను. ఇల్లు 20 లక్షలు, వాటాకు 5 వేల చొప్పున నెలకు 10 వేల అద్దె అనుకోండి. ఏడాదికి లక్షా ఇరవై వేలని మురిసిపోవద్దు. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగే లోపు పోయే రోజులు, సున్నం, మోటారు రిపేరు, ఇంటి పన్ను అన్నిటికీ కలిపి నెలన్నర అద్దె తీసేయండి. మిగిలేది 1,05,000. అంటే పెట్టిన డబ్బు మీద ఐదుంపావు శాతం. బ్యాంకు వడ్డీ 9 శాతం అనుకుంటే, అప్పు మీద కొన్న ప్రతి రూపాయికీ అద్దె చాలదన్నమాట!

9 శాతం వడ్డీకి 15 ఏళ్ల గడువు పెడితే లక్షకు నెల వాయిదా సుమారు 1,014 రూపాయలు. 10 లక్షలు తీసుకుంటే నెలకు 10,140. అద్దె పోగా సుమారు 1,400 మన చేతి నుంచి పడుతుంది. దాన్ని పాల ఖర్చులో కలిపేసుకోవచ్చు. అదే 16 లక్షలు తీసుకుంటే నెలకు దాదాపు 7,500 చేతి నుంచి కట్టాలి. ఒక వాటా మూడు నెలలు ఖాళీగా ఉంటే ఏమిటి గతి? అసలు ప్రమాదం నూటికి రెండు రూపాయల వడ్డీ. 10 లక్షలకు నెలకు 20 వేలు వడ్డీయే అవుతుంది, వచ్చే అద్దె అందులో సగం! ఇంటికి బ్యాంకు అప్పు తప్ప చేబదులు అప్పు వద్దేవద్దు. పొదుపు సంఘంలో ఇచ్చే అప్పు కూడా తక్కువ గడువులో తీర్చాల్సింది, దాన్ని గోడల్లో పెట్టకండి.

ఇంకొక ఖర్చు చాలామంది మరచిపోతారు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిస్తే సుమారు ఏడున్నర శాతం. 20 లక్షలకు లక్షన్నర! బ్యాంకువాళ్లు ఇంటి ధరలో కొంత భాగానికే అప్పిస్తారు కనుక ఇది కూడా మన చేతి డబ్బే.

కాగితాల దగ్గర మొహమాటం పనికిరాదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పై ఏళ్లకు ఈసీ తీయించండి, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించండి. మా మెట్టలో డీకేటీ పట్టా భూములు చాలా ఉన్నాయి. ప్రభుత్వం పేదలకిచ్చిన అలాంటి భూములు కొనటం, అమ్మటం మీద 1977 నుంచీ చట్టం ఉంది. సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. పిత్రార్జితం ఇల్లయితే అమ్మేవాళ్ల అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా అడగండి. ఆడపిల్లలకు సమాన వాటా మన రాష్ట్రంలో 1985 నుంచే వచ్చింది. మేము కొన్న ఇంటికి ఒక ఆడపడుచు సంతకం కోసం రెండు నెలలు ఆగాం. మావారు విసుక్కున్నారు గానీ, రేపు నా కూతురి సంతకం లేకుండా ఎవరైనా అమ్మేస్తే నేనూరుకుంటానా?

చివరికి నా స్థలం అమ్మిన డబ్బు, చీటీ పాట డబ్బు కలిపి సగానికి పైగా మేమే కట్టాం. మిగతాదే బ్యాంకు అప్పు. డాక్యుమెంటు నా పేరు మీదే రాయించారు. అమ్మ ఇచ్చింది రూపం మారింది గానీ చెయ్యి జారలేదు. ఆడవాళ్ల పేరు మీద అప్పు తీసుకుంటే కొన్ని బ్యాంకులు వడ్డీలో కాస్త తగ్గిస్తాయి, అడగటం మరవకండి.

అద్దెకు దిగేవాళ్లు దొరకటం ఊరిని బట్టి ఉంటుంది. ఆత్మకూరులో ఆర్డీవో ఆఫీసు, ముంబయి రోడ్డు ఉన్నాయి కనుక బదిలీల మీద వచ్చేవాళ్లు అడుగుతూనే ఉంటారు. ఉదయగిరిలో టీచర్లు, బ్యాంకువాళ్లు వస్తారు గానీ సంఖ్య తక్కువ. అక్కడ బోరులో నీళ్లున్న ఇల్లే ఇల్లు. ఎవరు దిగినా పదకొండు నెలలకు అగ్రిమెంటు రాయించుకోండి.  అద్దె మీద ఆదాయ పన్ను లెక్కలో ఇంటి పన్ను పోను మిగిలినదానిలో 30 శాతం మినహాయింపు ఉంటుంది. అప్పు వడ్డీ లెక్క ఆడిటరును అడిగి తెలుసుకోండి.

అమ్మేవాళ్లు "రేపటికి ఉండదు" అని తొందర పెడతారు. ఈ ఇల్లు కాకపోతే ఇంకో ఇల్లు. వంటింటి పద్దు రాసే పుస్తకంలోనే ఒక పేజీ తీసి అద్దె, ఖాళీ నెలలు, వాయిదా మూడూ రాయండి. ఒక వాటా ఆరు నెలలు ఖాళీగా ఉన్నా వాయిదా కట్టగలమని ఆ పేజీ చెబితేనే ముందుకెళ్లండి. చెప్పకపోతే పొదుపు ఇంకో రెండేళ్లు సాగనివ్వండి. ఏమంటారు?